పొగ డ్రమ్ము పాఠాలు – 5: చలికాలానికి గాలి చాటు

పొగ డ్రమ్మంటే చేప, మాంసం పొగతోని వండే రేకు డ్రమ్ము: కింద గాలి కన్నాలు, పైన మూత, పొగగొట్టం. పోయిన పాఠం చివర్ల ఒక్క మాట రాసిన: "చలి మొదలైంది, డ్రమ్ముకు ఏదన్నా చాటు చూసుకోండి." అంతే. ఎన్ని దిక్కుల చాటు, దేనితో కట్టాలె, ఎంత దూరంల కట్టాలె, ఏదీ చెప్పలేదు. తెలిసిన సంగతే గదా అనుకున్న. అప్పటి నుంచి ఫోను మోగుతనే ఉన్నది.

మిర్యాలగూడ దగ్గర ఒకాయన డ్రమ్మును ఖాళీగా ఉన్న పశువుల కొట్టంలోకి దొర్లించి తలుపు దగ్గరికేసిండు. అరగంటకు తల పట్టేసింది, కడుపుల తిప్పింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, అందుకే కావచ్చు అనుకున్నడట. అందుకు కాదన్నా. నిప్పు కణికల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. పొగ కండ్లను మండిస్తది కాబట్టి బయటికి ఉరుకుతం. ఈ వాయువు కూర్చున్నోణ్ణి కూర్చున్నట్టే పడగొడ్తది. ఆయన బయటికొచ్చిండు, బతికిండు. ఈ పాఠంల మిగతాదంతా మరిచిపోయినా సరే, ఇది మరవకండి: పొగ డ్రమ్ము గదిల వద్దు, కొట్టంల వద్దు, షట్టరు దించిన దుకాణంల వద్దు. తలుపు తీసి పెట్టినా వద్దు. చాటుకు కనీసం రెండు దిక్కులు పూర్తిగా తెరిచి ఉండాలె.

దేవరకొండ తమ్ముడు డ్రమ్ము చుట్టూ ప్లాస్టిక్ తాటిపత్రి (టార్పాలిన్) కట్టిండు. అది కరిగి రేకుకు అతుక్కున్నది. లోపలున్న కోడి ఎట్లుంటదో వాసనే చెప్పిందట, దాన్ని కుక్కకు గూడ పెట్టలేదు. దీని మీద ఇంక చెప్పేదేమీ లేదు.

మూడో ఫోను వనపర్తి అక్కది. ఆమెది అసలు సమస్య. దానికి మళ్ళీ వస్త.

ముందు చలి సంగతి. కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో మైనస్ డిగ్రీలల్ల స్మోకర్ (వాళ్ళ పొగ డ్రమ్ము) వెలిగించేవాళ్ళు దానికి నిప్పుకు తట్టుకునే వెల్డింగ్ దుప్పట్లు చుడ్తరు. అవి చూసి మనోళ్ళు గొంగళ్ళు వెతుకుతున్నరు. మా పెరట్ల డిసెంబరు తెల్లవారుజామున థర్మామీటరు 13 చూపించింది, మే నెల పగలు 42. తేడా ముప్పై డిగ్రీల లోపే. డ్రమ్ము లోపల మనకు కావలసింది 110 నుంచి 120. ఆ తేడాను రెండు గుప్పిళ్ళ బొగ్గు పూడుస్తది. మన దిక్కు డ్రమ్మును ఆగం చేసేది చలి కాదు, గాలి. పలుచటి రేకు మీది నుంచి వేడిని ఎప్పటికప్పుడు తుడుచుకపోతది. కింది కన్నంలోకి సూటిగా కొట్టిందా, నిప్పు భగ్గుమని లోపల 150 దాటుతది. తిరగబడి పొగగొట్టం మీద కొట్టిందా, పొగ వెనక్కి దిగుతది. మా ఇంట్ల గాలి లేని రాత్రి నాలుగు గంటలకు రెండు కిలోల బొగ్గు సరిపోతే, ఈదురుగాలి ఉన్న రాత్రి మూడు కిలోలు కాలింది. రెండు రాత్రులూ చలి ఒక్కతీరే.

చలికాలంల మన దగ్గర గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం దిక్కుల నుంచి వస్తది. కాబట్టి తూర్పుకొకటి, ఉత్తరానికొకటి, మూల కలిసేటట్టు రెండు అడ్డాలు చాలు. దక్షిణం, పడమర ఖాళీ. కానీ మీ పక్కింటి ప్రహరీ గాలిని ఎటు తిప్పుతదో నాకు తెల్వదు. డ్రమ్ము పెట్టే చోట మోకాలెత్తున ఒక అగరుబత్తి, నెత్తి ఎత్తున ఒకటి వెలిగించి చూడండి. రెండు పొగలు రెండు దిక్కులకు పోతే ఆ జాగ పనికిరాదు.

అడ్డానికి నేను మూడు రాతి కడీలు పాతి, వాటికి జీఐ రేకు బిగించిన. ఎత్తు ఐదడుగులు. రెండు వందల లీటర్ల డ్రమ్ము మూడడుగుల దాకా ఉంటది, కింద ఇటుకలు, పైన పొగగొట్టం కలిపితే ఆ ఎత్తు కావాలె. డ్రమ్ముకు, రేకుకు మధ్య రెండడుగుల సందు. కింది కన్నాలు రేకుల మూల దిక్కు తిరిగి ఉండాలె. కడీలు లేనోళ్ళు ఇటుక గోడ కట్టుకోవచ్చు, ఇంకా మంచిది. పాత సిమెంటు రేకులు మాత్రం వద్దు, వేడి తగిలితే పటపట పగిలి ముక్కలు ఎగురుతయి. తాటికమ్మలు, తడికలు, కందికట్టె సంగతి చెప్పనవసరం లేదనుకుంట.

ఇంకోటి. ఈ నెలల్ల నల్లగొండ జిల్లాల ఏ ఇంటి వసారా చూసినా పత్తి కుప్పే. ఒక్క నిప్పురవ్వ చాలు. పైకి మంట కనపడక ముందే లోపల రాజుకుంటది. పత్తి అమ్మేదాక డ్రమ్ము వెలిగించకండి, లేదా చేను దగ్గరికి తీసుకపోండి. గడ్డివాముకూ ఇదే లెక్క.

పైకప్పు నాకిష్టం లేదు. వేసుకుంటే ఎనిమిది అడుగులకు తక్కువ వద్దు, ఒక దిక్కు వాలుండాలె. మంచు పడ్తదని భయపడేటోళ్ళకు నా దగ్గర ఇంకో ఉపాయం ఉన్నది: ఎర్రమట్టిల వరి ఊక కలిపి, మూత పైభాగాన, డ్రమ్ము చుట్టూ బొటనవేలు మందాన మెత్తండి. కన్నాలు, పొగగొట్టం వదిలెయ్యండి. రెండు రోజులు ఆరనిచ్చి, చిన్న మంటతో కాల్చండి. పగుళ్ళు పడ్తయి, మళ్ళీ అలకండి. మా ఆవిడ దాన్ని గుమ్మి అంటది.

ఇప్పుడు వనపర్తి అక్క. ఆమె అడ్డం సరిగ్గ కట్టింది. మామిడి కట్టె, అదీ కొల్లాపూర్ తోటల నుంచి తెచ్చిన ఎండు కట్టె. శ్రీశైలం నీళ్ళల్ల పట్టిన బొచ్చె చేప, లీటరుకు అరవై గ్రాముల ఉప్పు నీళ్ళు, నేను చెప్పినట్టే ఆరబెట్టింది. చేప మాత్రం చేదు, నాలుక మీద గంట సేపు నిలిచే చేదు. ఫొటో పంపమన్న. పంపింది. బంగారు రంగు రావలసిన తోలు మీద, మిరియం గింజంత నల్లటి చుక్కలు, వరుసగా. ఒక చుక్క జారి మొప్ప దాకా గీత గీసింది. అది చూడంగనే అడిగిన: "పైన పొగగొట్టం మూసినవా అక్కా?"

"చలికి వేడి పోతున్నదని సగం కన్నా ఎక్కువ మూసిన."

ఇదే. నాలుగు పాఠాలల్ల మూడుసార్లు చెప్పిన, మళ్ళీ చెప్త. పొగగొట్టం మూత వేడిని ఆపేది కాదు. చలికాలంల డ్రమ్ము మూత రేకు చల్లగా ఉంటది. కట్టె నుంచి, చేప నుంచి వచ్చిన ఆవిరి బయటికి పోయే దారి లేక ఆ చల్లటి రేకుకు తగిలి నీరైతది. అందుల పొగలోని తారు కలుస్తది. మూత లోపల నల్లటి చెమట పడ్తది, చుక్కలుగా కిందికి జారుతది. కింద ఉన్నది మీ చేప. అదొక్కటే గాదు. పైన దారి మూస్తే కింద గాలి గుంజదు. గాలి గుంజకపోతే కట్టె మండదు, మాడుతది. మాడిన కట్టె పొగ తెల్లగ, చిక్కగ, కండ్లల్ల కారం కొట్టినట్టు వస్తది. మంచి పొగ పలుచగ, లేత నీలం రంగుల, ఉన్నదా లేదా అన్నట్టుంటది. వేడి తగ్గిందని పైన మూస్తిరా, నిప్పు ఇంకా నీరసపడి వేడి ఇంకా తగ్గుతది. అప్పుడు ఇంకింత మూస్తరు. ఒకాయన చివరికి తడి గోనెసంచి కప్పిండు, ఆయన ఊరు పేరు రాయను.

పైన ఎప్పుడూ పూర్తిగా తెరిచి ఉండాలె. వేడి పెంచాలన్నా తగ్గించాలన్నా చెయ్యి పెట్టవలసింది కింది కన్నం దగ్గరే.

మా నాయనమ్మ చలికాలంల మేక తునకలు దండెం మీద ఎండకపోతే పొయ్యి మీదుగా తాడు కట్టి వేలాడదీసేది. మా వంటిల్లు గూన పెంకుల ఇల్లు. పెంకుల సందుల నుంచి పొగ పోతనే ఉండేది, చలీ వస్తనే ఉండేది. వానకాలానికి ముందు పెంకులు సర్దించేది గానీ, చలికి ఆ సందులు ఎవ్వరూ పూడ్చింది లేదు. ఆ తునకలల్ల చేదు నేనెరుగ.

లోపలి వేడి పడిపోతే రుచి ఒక్కటే పోదు. మాంసం 5 నుంచి 60 డిగ్రీల మధ్య నాలుగు గంటలకు మించి ఉండొద్దు, క్రిములు పెరుగుతయి. గుచ్చే థర్మామీటరుతో చూస్తే చేప లోపల 63, కోడి లోపల 74 రావాలె. రంగు వచ్చింది గదా అని దించకండి. పొగ పట్టినంత మాత్రాన నిలవ ఉండదు, చల్లారినంక ఫ్రిజ్‌లో పెట్టాలె.

అక్కకు చెప్పింది మీకూ చెప్తున్న. మూత లోపలి నల్లటి పెచ్చును గీకెయ్యండి. ఖాళీ డ్రమ్మును రెండు గంటలు గట్టి నిప్పుతో కాల్చండి. తర్వాతనే కొత్త చేప.

అభ్యాసం. ఈసారి వంట లేదు. రెండు రాత్రులు ఖాళీ డ్రమ్ము, లోపల లీటరు నీళ్ళ గిన్నె, ఒక్కో రాత్రికి తూకం వేసిన రెండు కిలోల బొగ్గు. సర్కారు తుమ్మ బొగ్గైతే మేలు, నెమ్మదిగ కాలుతది. మొదటి రాత్రి అడ్డం లేకుండ, రెండో రాత్రి అడ్డంతోని. సాయంత్రం ఆరు నుంచి పది దాక పావుగంటకోసారి వేడి రాసుకోవాలె, రాత్రికి పదిహేడు అంకెలు. మూత తెరవొద్దు, తెరిస్తే ఆ రాత్రి లెక్క పోయినట్టే. ఏ పావుగంటల గాలి మారిందో పక్కన రాయండి. రెండో రాత్రి అంకెలు పది, పదిహేను డిగ్రీలకు మించి ఊగుతుంటే అడ్డం ఒక అడుగు జరిపి మూడో రాత్రి కూర్చోండి. కష్టమే, తెలుసు. నేను ఐదు రాత్రులు కూర్చున్న.

వచ్చే పాఠం కొర్రమీను. ముప్పై నాలుగు అంకెల కాగితం లేనోళ్ళు ఆ చేప కొనకండి, దాని ధర మీకు తెలుసు.