కారు లేకుండా శాంటా బార్బరాలో వైన్ రుచులు: తిరుగు రైలు నుంచి వెనక్కి లెక్క వేసుకునే రోజు

దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు శాంటా బార్బరా వైన్ అనగానే కొండ దాటి శాంటా ఇనెజ్ లోయకు వెళ్లాలనే అనుకుంటారు. అక్కడ తోటకూ తోటకూ మధ్య మైళ్ల దూరం. నడవడానికి కుదరదు, ఊరి బస్సులు అక్కడికి పోవు. కారు లేకుండా వెళ్లాలంటే రోజంతటికీ వ్యాన్ మాట్లాడుకోవాలి. ఒక్క రోజే చేతిలో ఉంటే లోయ జోలికి పోకండి. ఆ లోయ ద్రాక్షతోనే చేసిన వైన్లు రుచికి కొద్దికొద్దిగా పోసే టేస్టింగ్ రూములు ఊళ్లోనే రెండు గుంపులుగా ఉన్నాయి. ఒకటి రైల్వే స్టేషన్ పక్కనే సముద్రం వైపు ఉన్న ఫంక్ జోన్. రెండోది ఊరి నడిబొడ్డున, పాత స్పానిష్ కోట ప్రెసిడియో పరిసరాలు. రెంటి మధ్య దూరం ముప్పావు మైలు, మామూలు నడకకు పదిహేను ఇరవై నిమిషాలు.

ముందు తిరుగు రైలు

ఈ రోజును ఉదయం నుంచి కాదు, సాయంత్రం నుంచి వెనక్కి వేసుకుంటూ రావాలి. శాన్ డియాగో నుంచి శాన్ లూయిస్ ఒబిస్పో దాకా తిరిగే పసిఫిక్ సర్ఫ్‌లైనర్ మీకు కావలసిన రైలు. లాస్ ఏంజిలెస్ యూనియన్ స్టేషన్ నుంచి శాంటా బార్బరాకు సుమారు రెండున్నర నుంచి మూడు గంటల ప్రయాణం. దక్షిణానికి పోయే చివరి రైలును మీ రైలుగా పెట్టుకోవద్దు. దాని ముందుది పెట్టుకోండి, చివరిది ఆపద్ధర్మంగా ఉండనివ్వండి. ఈ మార్గంలో చాలాచోట్ల ఒకటే పట్టా. ఎదురు రైలు కోసం, గూడ్సు కోసం ఆగి ఆగి రావడంతో ఆలస్యాలు మామూలే. చివరి రైలే రద్దయితే ఆ రాత్రి హోటల్ ఖర్చు ఆ రోజు తాగిన వైన్ ఖర్చును మించిపోతుంది.

ఉదయం పదకొండులోపు చేరే రైలు చూసుకోండి. టేస్టింగ్ రూములు ఎక్కువగా పదకొండు, పన్నెండు మధ్య తెరిచి సాయంత్రం ఐదు, ఆరు దాకా ఉంటాయి. కొన్నింటికి సోమ, మంగళవారాలు సెలవు. శనివారం మధ్యాహ్నం విపరీతమైన రద్దీ, పోసేవాళ్లకు మాట్లాడే తీరిక ఉండదు. గురు, శుక్రవారాలు మేలు. వారాంతమే కుదిరితే ఆదివారం.

కిటికీ సీటు విషయంలో చాలామంది పొరపడతారు. లాస్ ఏంజిలెస్ నుంచి ఉత్తరానికి వెళ్లేటప్పుడు సముద్రం రైలు పోయే దిశకు ఎడమ పక్క వస్తుంది. వెంచురా దాటాక పట్టా అలల పక్కనే పోతుంది కాబట్టి ఆ పక్క సీటుకు విలువ ఉంది. కానీ శాన్ డియాగో, అర్వైన్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. యూనియన్ స్టేషన్‌లో రైలు వచ్చిన దారినే వెనక్కి మళ్లి బయటికొస్తుంది. అప్పటిదాకా ఎడమ అయినది కుడి అవుతుంది. అక్కడ దిగేవాళ్లు దిగగానే అవతలి పక్కకు మారిపోండి. శాన్ క్లెమెంటీ దగ్గర కొండచరియలు విరిగిపడి పట్టా మూసేసిన సందర్భాలు ఈమధ్య పలుమార్లు వచ్చాయి. ఆ వైపు నుంచి వచ్చేవాళ్లు ముందు రోజు ఒకసారి సరిచూసుకోవాలి. కొంత దూరం బస్సులో పంపిస్తే మీ లెక్కంతా గంటసేపు జరిగిపోతుంది.

ఇక అసలు గండం. రైల్లో వెళ్లి, రైల్లో వచ్చి, స్టేషన్ పార్కింగులో పెట్టిన కారు తీసి ఇంటికి నడుపుకుంటూ పోయేవాళ్లు చాలామంది. అప్పుడు ఇది కారు లేని రోజు కానే కాదు. తాగిన మనిషి చేతికి స్టీరింగ్ ఇచ్చే ఘట్టాన్ని రాత్రికి వాయిదా వేశారంతే. కాలిఫోర్నియాలో డ్రైవరు రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం. అంతకంటే తక్కువున్నా నడక, మాట తడబడితే కేసు పెట్టవచ్చు. ఇంటి నుంచి స్టేషన్‌కు మెట్రోలోనో, క్యాబ్‌లోనో వెళ్లండి, లేదా తాగని మనిషిని దింపమనండి. ఈ ఏర్పాటు కుదిరాకే టికెట్ కొనండి.

ఎంత తాగుతున్నారో లెక్క

టేస్టింగ్ అంటే సాధారణంగా నాలుగైదు రకాలు వరుసగా పోస్తారు, దాన్ని ఫ్లైట్ అంటారు. ఒక్కో పోతకు ఒకటి నుంచి రెండు ఔన్సులు. ఒకటిన్నర ఔన్సు చొప్పున ఐదు పోతలంటే ఏడున్నర ఔన్సులు, అంటే 220 మిల్లీలీటర్ల పైమాట. ఈ ప్రాంతపు వైన్లు 14 శాతం అటూ ఇటూ ఉంటాయి. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. అలా చూస్తే ఒక్క ఫ్లైటే ఒకటిముప్పావు డ్రింకులు. మూడు చోట్ల పూర్తిగా తాగితే ఐదు దాటుతుంది. పగటి ఎండలో, నడకలో, అలవాటు లేని ఒంటికి అది చాలా ఎక్కువ.

కాబట్టి రోజుకు మూడు చోట్లు, ఇద్దరికి ఒక ఫ్లైట్. పంచుకుంటామంటే చాలాచోట్ల అభ్యంతరం చెప్పరు, అడిగి కూర్చోండి. అప్పుడు మనిషికి మొత్తం రెండున్నర డ్రింకులు, అదీ ఐదు గంటల మీద. నాలుగో చోటుకు వెళ్లాలనిపిస్తుంది, వెళ్లొద్దు. అప్పటికి నాలుక మొద్దుబారి ఉంటుంది, ఏ వైన్ ఏదో తెలియదు, డబ్బు దండగ. ఫీజు చాలాచోట్ల మనిషికి 20 నుంచి 35 డాలర్ల మధ్య. ఒకటి రెండు సీసాలు కొంటే కొన్నిచోట్ల ఫీజు తీసేస్తారు. ఎన్ని కొంటే తీసేస్తారో కూర్చునే ముందే అడగండి.

బల్ల మీద ఉండే చిన్న బకెట్టు ఉమ్మడానికీ, గ్లాసులో మిగిలింది ఒంపడానికీ. దాన్ని వాడితే ఎవరూ అవమానంగా తీసుకోరు. వైన్ వృత్తిలో ఉన్నవాళ్లు చేసేది అదే. మన ఇళ్లలో పోసింది పారబోయడం తప్పు అనే అలవాటుంది. ఇక్కడ మాత్రం దాన్ని పక్కన పెట్టాలి.

దారి: పైకి తాగకముందు, కిందికి తాగుతూ

స్టేట్ స్ట్రీట్ సముద్రం నుంచి కొండ వైపు మెల్లగా ఎత్తెక్కుతుంది. అందుకే ఉదయం రైలు దిగగానే పైకి నడిచి, అక్కడి నుంచి ఒక్కో గది చూసుకుంటూ కిందికి దిగి, ఆఖరి గ్లాసు స్టేషన్ పక్కన ముగించాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు. దిగగానే ఎదురుగా ఫంక్ జోన్ కనిపిస్తుంది, అక్కడే మొదలుపెడతారు. మూడింటికి ఊరి నడిమధ్యలో ఉండి, రైలు కోసం ముప్పావు మైలు పరుగు తీస్తారు.

స్టేషన్ పక్కనే ఛపాలా వీధిలో 1870ల నాటి పెద్ద మోరిటన్ బే ఫిగ్ చెట్టుంది. మన మర్రికి చుట్టమే, చూసి కదలండి. హైవే 101 కింద నుంచి స్టేట్ స్ట్రీట్ పట్టుకుని పైకి వెళ్తే సుమారు మైలు దూరంలో 1929లో కట్టిన కౌంటీ కోర్టు భవనం వస్తుంది. దాని గడియారపు బురుజు ఎక్కడం ఉచితం, లిఫ్టు ఉంది. వైన్ కోసం వచ్చి బురుజెందుకు అనుకోవద్దు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క శాంటా ఇనెజ్ కొండలు కనిపిస్తాయి. కాలిఫోర్నియా తీరంలో కొండలు ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా పోతే, ఇక్కడివి తూర్పు పడమరలుగా పోతాయి. అందుకే వాటి వెనకున్న లోయలు పడమర వైపు సముద్రానికి నోరు తెరుచుకుని ఉంటాయి. చల్లగాలి, పొగమంచు లోపలిదాకా వస్తాయి. తీరానికి దగ్గరగా ఉన్న శాంటా రీటా హిల్స్‌లో చలిని ఇష్టపడే పీనో న్వార్, షార్డనే రకాల ద్రాక్ష పండుతుంది. లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది, బ్యాలర్డ్ కాన్యన్‌లో సిరా, ఇంకా తూర్పున హ్యాపీ కాన్యన్‌లో క్యాబర్నే సావిన్యాన్. రిచర్డ్ శాన్‌ఫర్డ్, మైకేల్ బెనెడిక్ట్ 1971లో ఆ చల్లని పడమటి చివర తోట వేశాకే అక్కడి పీనో న్వార్‌కు పేరు వచ్చింది. ఈ బొమ్మ మనసులో ఉంటే రోజంతా సీసా మీది ఊరి పేరు చూసి రుచి ఎలా ఉంటుందో ఊహించగలుగుతారు. ఆ పేరు వేయాలంటే కనీసం 85 శాతం ద్రాక్ష ఆ ప్రాంతానిదే కావాలి.

మొదటి చోటు ప్రెసిడియో వైపు. డి లా గెర్రా వీధి దగ్గర ఎల్ పాసియో అనే పాత ప్రాంగణంలో, దాని చుట్టుపక్కల అనకాపా వీధిలో చాలా గదులున్నాయి. ఓ బాన్ క్లీమా గది ఆ చుట్టుపక్కలదే. 1982లో జిమ్ క్లెండెనెన్, ఆడమ్ టోల్మాక్ మొదలుపెట్టిన సంస్థ అది. పులుపు నిలిపి, ఆల్కహాల్ మరీ పెరగనివ్వకుండా చేసే షార్డనే, పీనోలు వాళ్లవి. నాలుక తాజాగా ఉన్నప్పుడే ఇలాంటివి తాగాలి. తర్వాత భోజనం. ఆ తర్వాత కిందికి నడిచి ఫంక్ జోన్‌లో రెండు చోట్లు. అందులో ఒకటి అనకాపా, యనొనాలి వీధుల మూలనున్న శాంటా బార్బరా వైనరీ కావచ్చు. మద్యనిషేధం తర్వాత ఈ కౌంటీలో మొదట తెరిచింది అదే, 1962లో. అక్కడి నుంచి స్టేషన్ ఐదారు నిమిషాలు. చివరి చోట సిరా లాంటి బరువైన ఎర్ర వైన్లు పెట్టుకోండి. బరువైనవి ముందు తాగితే తర్వాత వచ్చే పీనో నీళ్లలా అనిపిస్తుంది.

ఒక్కో చోటుకు గంట, మధ్యలో నడకకూ నీళ్లకూ అరగంట. రైలుకు ముప్పావు గంట ముందు బిల్లు కట్టేయండి. ఈ గదులు చేతులు మారుతుంటాయి, చిరునామాలు మారుతుంటాయి. వెళ్లే వారంలోనే వేళలు చూసుకోండి. నలుగురి దాకా అయితే నేరుగా వెళ్లవచ్చు. ఆరుగురు దాటితే చాలాచోట్ల ముందే బుక్ చేయాలి. మూడు కుటుంబాలు కలిసి చెప్పకుండా వెళ్తే గుమ్మంలోనే ఆగిపోతారు. పిల్లలుంటే రానిస్తారో లేదో అదే ఫోనులో అడగండి. 21 నిండినట్టు గుర్తింపు కావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పాస్‌పోర్టు వెంట పెట్టుకోవాలి, ఫోనులో ఫొటో ఒప్పుకోరు.

ఊళ్లో అద్దె ఎలక్ట్రిక్ సైకిళ్లు కనిపిస్తాయి. ఉదయం పైకి వెళ్లడానికి బాగుంటాయి. మొదటి గ్లాసు తర్వాత ముట్టుకోవద్దు. కాలిఫోర్నియాలో తాగి సైకిల్ తొక్కినా నేరమే, 250 డాలర్ల దాకా జరిమానా.

తిండి, నీళ్లు

రైల్లో సొంత తిండి తినవచ్చు. పెరుగన్నం, కారప్పొడి లేని ఇడ్లీ, ఉప్మా లాంటివి కడుపులో పడితే మొదటి గ్లాసు నెమ్మదిగా ఎక్కుతుంది. ఆవకాయ మాత్రం ఆ రోజు ఇంట్లోనే ఉంచండి. కారం మంట మీద 14 శాతం ఆల్కహాల్ పడితే మంట రెట్టింపవుతుంది, ఎర్ర వైన్‌లోని వగరు చేదుగా మారుతుంది. ఇంగువ, వెల్లుల్లి రుచి గంటల తరబడి నోట్లో ఉండిపోతుంది. పిప్పర్‌మెంటు బిళ్లలు, కాఫీ, గాఢమైన అత్తరు కూడా అంతే. మీ అత్తరు పక్కవాళ్ల గ్లాసునూ పాడుచేస్తుంది.

శాకాహారులు రెండు ప్రశ్నలు అడగాలి. మెక్సికన్ హోటల్లో బీన్స్ పంది కొవ్వుతో వేయించారా అని. టేస్టింగ్ రూములో ఈ వైన్‌ను దేనితో తేర్చారు అని. మడ్డి దిగడానికి గుడ్డు తెల్లసొన, చేప గాలితిత్తి నుంచి తీసే పదార్థం, జెలటిన్ వాడే పద్ధతులున్నాయి. బెంటొనైట్ అనే మట్టితో తేర్చినవీ, అసలు తేర్చకుండా సీసాకెత్తినవీ కూడా ఇక్కడ దొరుకుతాయి. అడిగితే విసుక్కోరు.

ప్రతి పోతకూ అంతే నీళ్లు తాగండి. మే, జూన్‌లలో మధ్యాహ్నం దాకా సముద్రపు పొగమంచు కమ్మి చలిగా ఉంటుంది, పల్చటి స్వెటర్ ఉండాలి. మంచు విడిపోయాక ఎండ చురుక్కుమంటుంది.

సీసాలు ఇంటికి

నిండు సీసా ఒకటి కిలోకు పైనే, బరువు గాజుదైతే కిలోన్నర. నాలుగు కొంటే భుజం లాగేస్తుంది. పై ఊళ్లో నచ్చినవి అక్కడే కొని రోజంతా మోయొద్దు. పేరు రాసుకోండి, ఇంటికి పంపమని చెప్పండి. పార్సిల్ అందుకునేటప్పుడు 21 దాటిన మనిషి సంతకం పెట్టాలి కాబట్టి ఆఫీసు చిరునామా ఇస్తే తేలిక. జులై నుంచి సెప్టెంబరు దాకా లోపలి ఊళ్లకు పంపేటట్టయితే వేడి తగ్గాక పంపమనండి, ట్రక్కులో ఉడికిన వైన్‌కు జామ్ వాసన వస్తుంది. చేతిలో తీసుకెళ్లేవి చివరి చోట కొన్న రెండు సీసాలే కావాలి.

అవి ఇండియాకు వెళ్లే పెద్దవాళ్ల కోసమైతే మనిషికి రెండు లీటర్ల మద్యం దాకా సుంకం లేదు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. విమానాశ్రయం డ్యూటీ ఫ్రీలో కొన్నదీ ఆ రెండు లీటర్లలోకే వస్తుంది. చెక్ ఇన్ పెట్టెలో, చీర మడతల మధ్యలో పెట్టండి.

రైల్లో మీ సీసా తెరవకూడదు. సీట్లో తాగడానికి కెఫే బోగీలో కొన్నది మాత్రమే అనుమతిస్తారు. ఆ సాయంత్రానికి అదీ అక్కర్లేదు. కెఫేలో నీళ్ల సీసా కొనుక్కుని, ఈసారి కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోండి, దక్షిణానికి వెళ్లేటప్పుడు సముద్రం అటే.