ఒక రాత్రి స్టేషన్‌లో ఉన్న సంగతి వీసా ఫారంలో ఎలా రాయాలి

2023లో నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని మా ఆవిడవీ నావీ అమెరికా విజిటర్ వీసా ఫారాలు నింపిస్తున్నాం. నింపే కుర్రాడు నా పాత స్టూడెంటే. పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, డల్లాస్‌లో ఉన్న మా బిడ్డ అడ్రసు అన్నీ అయ్యాయి. సెక్యూరిటీ ప్రశ్నలు రాగానే వాడు చదవకుండానే టకటకా అన్నిటికీ 'నో' కొట్టుకుంటూ పోతున్నాడు.

"ఆగురా, ఆ ప్రశ్న ఏమడుగుతున్నది?"

"ఏం లేదు సార్. అందరికీ నో నే పెడతం."

"నన్ను 2011ల అరెస్టు చేసిండ్రు గదరా."

వాడు నవ్వాడు. "గది తెలంగాణ ఉద్యమం సార్, గదేం కేసు? పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్, గదే పీసీసీ, తీస్తే క్లీన్ వస్తది. ఎవలికి తెలుస్తది?"

నా ఫేస్‌బుక్ చూసినవాళ్లందరికీ తెలుస్తుంది. ఏటా జూన్ 2న నేను పెట్టే ఫోటో అదే, పోలీసు వ్యాను మెట్ల మీద పిడికిలి ఎత్తి నిలబడ్డది. మేం నింపుతున్న ఈ డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు 2019 నుంచి అడుగుతున్నారు. ఆ ఖాతా పేరు అరగంట కిందటే మేమే టైపు చేయించాం. దావత్‌లలో పదిమందికీ గొప్పగా చెప్పుకునే ముచ్చట ఫారంలోకి వచ్చేసరికి లేదంటే ఎలా? ఆ రోజు సబ్మిట్ చేయకుండా లేచి వచ్చాం.

ఆ తర్వాత నేను చేసిన పనులు ఇక్కడ రాస్తున్నా. నేను వకీలును కాను, రిటైర్డ్ సోషల్ టీచర్ని. మా దిక్కు నాలాంటివాళ్లు ఊరికి పదిమంది ఉంటారు, వాళ్ల కోసం.

మొదట చేయాల్సింది ప్రశ్నలో ఏ మాట వాడారో చూడటం. మనకు అన్నీ కలిపి 'పోలీసు కేసు' అనే ఒకే మాట. ఫారాల్లో అలా కాదు. అరెస్టు వేరు, డిటెన్షన్ (పోనివ్వకుండా ఆపి ఉంచడం) వేరు, ఛార్జ్ (కోర్టులో నేరం మోపడం) వేరు, కన్విక్షన్ (కోర్టు దోషి అని తేల్చడం) వేరు. డీఎస్-160లో అడిగేది ఏదైనా నేరానికి ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని. తర్వాత క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాలి. గ్రీన్‌కార్డు కోసం అమెరికాలోనే వేసే ఐ-485లో, సిటిజన్‌షిప్‌కు వేసే ఎన్-400లో వల ఇంకా పెద్దది. ఏ కారణానికైనా, ఎక్కడైనా అరెస్టు చేశారా, నిర్బంధించారా, సైటేషన్ ఇచ్చారా అంటారు. సైటేషన్ అంటే మా బిడ్డకు టెక్సాస్‌లో వచ్చిన స్పీడింగ్ టికెట్ కూడా. కెనడా పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) నింపే షెడ్యూల్-ఏలోనూ నిర్బంధంలో గానీ జైల్లో గానీ ఉన్నారా అనే ప్రశ్న ఉంది. శిక్ష పడలేదు కదా అని అక్కడ 'నో' పెట్టడానికి లేదు.

ఇప్పుడు నా సంగతి. నావి రెండు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు హైదరాబాద్ పోతుంటే దారిలోనే బస్సు ఆపి, మమ్మల్ని దించి ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారు. పేర్లు రాసుకున్నారు, పులిహోర పెట్టారు, రాత్రి తొమ్మిదింటికి వదిలిపెట్టారు. రెండోది అదే ఏడాది సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మెలో. సూర్యాపేట దగ్గర హైవే మీద వంటావార్పు పెట్టుకుంటే పట్టుకుపోయి రాత్రంతా స్టేషన్‌లో ఉంచారు. మర్నాడు తహసీల్దారు ముందు నిలబెట్టి బైండోవర్ చేశారు. అంటే ఆరు నెలలు గొడవల జోలికి పోనని సొంత పూచీకత్తు రాయించుకుని పంపించారు.

ఇందులో అరెస్టు ఏది? స్టేషన్‌లో వాళ్లు 'ముందు జాగ్రత్త' అనే చెప్పారు. నోటితో అరెస్టు అని చెప్పుకున్నా, కాగితం మీద అది ముందు జాగ్రత్తేనని నేనూ పన్నెండేళ్లు నమ్మాను. నల్లగొండ కోర్టులో ఒక వకీలు దగ్గరికి పోతే ఆయన సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) పుస్తకం తీసి 151 సెక్షన్ చూపించాడు. నేరం జరగకుండా ఆపడానికి వారెంటు లేకుండా పోలీసులు చేసేది, మామూలుగా 24 గంటలు దాటకూడనిది. ఆ సెక్షన్‌లో వాడిన మాట 'అరెస్టు' అనే. దాని బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇదే సంగతి 170 సెక్షన్ కింద ఉంది. కాబట్టి స్టేషన్ రాత్రికి 'ఎస్' పెట్టాలన్నాడు. ఫంక్షన్ హాలుకు కాగితం లేదు, సెక్షన్ లేదు. కానీ లేచి పోదామంటే పోనివ్వలేదు కాబట్టి డిటెన్షన్ అని అడిగే ఫారాల్లో అదీ 'ఎస్'. డీఎస్-160లో ఎలాగూ వివరణ పెట్టె తెరుచుకుంటుంది, రెండూ అందులోనే రాయమన్నాడు. మీది 41-ఏ నోటీసు (అరెస్టు చేయకుండా విచారణకు రమ్మనే కాగితం, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 35 కింద) ఇచ్చి పంపిన కేసైతే అది అరెస్టు కాదు. కానీ ఛార్జిషీటు పడితే ఛార్జ్ అయినట్టే. ఇలాంటివి మీరే తేల్చుకోకుండా వకీలుకు ఐదొందలో వెయ్యో ఇచ్చి అడగండి.

ఇక కాగితాలు. అసలు తిరుగుడంతా ఇక్కడే. మొదటి చిక్కు, మీ స్టేషన్ ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకోవాలి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాలమూరు వాళ్లకు ఇంకా తిప్పలు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అప్పుడే విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. నేను నల్లగొండ ఎస్పీ ఆఫీసుకు అర్జీ పెట్టి వారం రోజులు పోగొట్టుకున్నా. అది సూర్యాపేటకు పోవాల్సింది.

ఊరికే పోయి అడిగితే "పన్నెండేళ్ల కిందిది ఎక్కడుంటది పెద్దాయనా" అంటారు. సమాచార హక్కు చట్టం కింద అడగండి. మండల ఆఫీసుకైతే ఫీజు ఐదు రూపాయలు, జిల్లా ఆఫీసుకు పది. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. తహసీల్దారు ఆఫీసులో బైండోవర్ ఫైలుకు ఎంసీ (మిసిలేనియస్ కేస్) నంబరు ఉంటుంది. అది లేకున్నా తారీఖు, స్టేషన్ పేరు రాస్తే రిజిస్టర్లో దొరికింది. పోలీసుల నుంచి మాత్రం 'ఆ కాలపు జనరల్ డైరీ అందుబాటులో లేదు, మీ మీద ఎఫ్‌ఐఆర్ లేదు' అని జవాబొచ్చింది. మొదట డీలా పడ్డాను. వకీలు ఆ ఉత్తరం చూసి "ఇది బంగారం సార్, దాచుకోండి" అన్నాడు. కాగితం లేదని సర్కారే రాసిచ్చిన కాగితం కూడా రుజువే. దానికి తోడు జరిగినదంతా నేనే ఒక పేజీ రాసి నోటరీ చేయించా. మా ఆవిడ బిస్కెట్ డబ్బాలో దాచిన అప్పటి పేపరు జిల్లా పేజీ కటింగు కూడా జత చేశా. అందులో నా ఇంటిపేరు తప్పు పడింది, అదొక బాధ.

ఎఫ్‌ఐఆర్ అయి కోర్టుదాకా పోయినవాళ్లకు వేరే పని. ఈ-కోర్ట్స్ సైట్‌లో స్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం కొడితే కేసు ఏమైందో తెలియొచ్చు. ఉద్యమం కేసులు ప్రభుత్వం ఎత్తేసిందని జీవో జిరాక్స్ పట్టుకుని తిరిగేవాళ్లను చూశా. జీవోతో కేసు పోదు. సీఆర్‌పీసీ 321 (ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 360) కింద సర్కారు వకీలు పిటిషన్ వేయాలి, మేజిస్ట్రేటు ఒప్పుకుని ఆర్డర్ ఇవ్వాలి. మీకు కావాల్సింది ఆ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ. రైల్‌రోకోలో దొరికినవాళ్లు రైల్వే కేసు విడిగా ఉందేమో చూసుకోండి. తెలుగులో ఉన్న ఏ కాగితానికైనా ఇంగ్లీషు అనువాదం కావాలి. రెండు భాషలూ వచ్చిన ఎవరైనా చేసి, సరిగ్గా చేశానని కింద సంతకం పెడితే సరిపోతుంది. నావి మా బడి ఇంగ్లీషు సార్ చేశాడు.

పీసీసీ గురించి ఒక మాట. పీఆర్‌కో ఉద్యోగానికో పోయేవాళ్లు 500 కట్టి పాస్‌పోర్టు సేవలో తీసుకోండి, మంచిదే. కానీ పీసీసీ క్లీన్ వచ్చిందంటే అరెస్టే కాలేదని అర్థం కాదు. ఫారం అడిగేది పోలీసు రికార్డులో ఏముందని కాదు, మీకేం జరిగిందని.

వివరణ పొట్టిగా ఉండాలి. నేను మొదట రెండు పేజీలు రాశా, 1969 నుంచి మొదలుపెట్టి! మా బిడ్డ ఫోన్లో విని "నాన్నా, అది వీసా ఫారం, సోషల్ పాఠం కాదు" అన్నది. చివరికి ఆరు వాక్యాలు మిగిలాయి. ఏ తేదీన, ఏ ఊళ్లో. తెలంగాణ రాష్ట్రం కోసం ఉద్యోగుల సమ్మెలో రోడ్డు మీద కూర్చున్నానని. 151 కింద పట్టుకుని ఒక రాత్రి ఉంచారని. మర్నాడు తహసీల్దారు ముందు పూచీకత్తు ఇచ్చి విడుదలయ్యానని. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, శిక్ష ఏవీ లేవని. మార్చి 10న ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టిన సంగతి ఒక వాక్యం. పోలీసులను తిట్టలేదు, నన్ను నేను పొగుడుకోలేదు.

సబ్మిట్ చేయకుండా వదిలిన ఫారం ఆన్‌లైన్‌లో 30 రోజులే తెరుచుకుంటుంది. నాకు కాగితాలకే రెండు నెలలు దాటింది కాబట్టి కొత్తది నింపా. ఎవరైనా సాయం చేశారా అనే ప్రశ్న కూడా ఉంటుంది, నెట్ సెంటర్ వాళ్లతో నింపిస్తే అదీ 'ఎస్'. చివర్లో సంతకం మాత్రం మనదే. వాడు కొట్టిన 'నో'కు జవాబు చెప్పాల్సింది మనమే. తెలిసి అబద్ధం రాశారని తేలితే అమెరికాకు జీవితకాలం రానివ్వకపోవచ్చు, మాఫీ దొరకడం కష్టం. కెనడా చట్టం 40వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లు తలుపు మూస్తారు. ఇప్పటికే తప్పు 'నో'తో సబ్మిట్ చేసి ఉంటే, ఇంటర్వ్యూకు ముందే సరిచేసిన కొత్త ఫారం వేయండి. కౌంటర్ దగ్గర వాళ్లు అడగకముందే చెప్పండి.

నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూ తెలుగులోనే అయింది. ఎందుకు అరెస్టు చేశారని ఆఫీసరమ్మ అడిగింది. రోడ్డు మీద వంట చేసినందుకు అన్నా. నమ్మలేదు. వంటావార్పు అంటే ఏమిటో చెప్పా. "ఏం వండారు?" అంది. ఉప్మా అన్నా. కాగితాలన్నీ తీసుకుని, నా చేతిలో 221(జి) కాగితం, అంటే ఇంకా పరిశీలించాలి, ఇప్పుడే వీసా ఇవ్వం అనే చీటీ, పెట్టింది. మా ఆవిడకు అప్పుడే వీసా ఓకే. బస్సులో నల్లగొండ దాకా "నేనొక్కదాన్నే పోతా తీయ్" అని ఒకటే ఆటపట్టించింది. మూడు వారాల తర్వాత నా పాస్‌పోర్టు పంపమని మెయిల్ వచ్చింది, వీసా వేసి ఇచ్చారు.

ఉద్యమం ముచ్చట పక్కన పెడితే, పేకాట, డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. "జరిమానా కట్టి బయటపడ్డం" అంటారు. కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టారంటే అది కన్విక్షనే. తాగి నడిపిన కేసులో గత ఐదేళ్లలో ఒక్క అరెస్టున్నా అమెరికా వాళ్లు తమ డాక్టరు దగ్గరికి పంపిస్తారు, దానికి టైం పడుతుంది. పెళ్లికో కాన్పుకో టికెట్లు ముందే కొనుక్కోకండి.

నా ఫైలు ఇప్పుడు మూడు సెట్లు ఉంది. ఒకటి బిస్కెట్ డబ్బాలో, ఒకటి డల్లాస్‌లో, ఒకటి ఫోన్లో స్కాన్ చేసి. మా బిడ్డ సిటిజన్ అయ్యాక మాకు గ్రీన్‌కార్డు వేస్తానంటున్నది, అప్పుడు ఇక్కడి నుంచి నింపే గ్రీన్‌కార్డు ఫారం డీఎస్-260లోనూ ఇదే అడుగుతారు. తేదీలు, వాక్యాలు అప్పుడూ ఇవే ఉండాలి కాబట్టి వివరణ కాపీ కూడా అందులోనే పెట్టా.