పాత ఇల్లు కొని బాగుచేసుకుందాం – 4వ పాఠం: గోడ ఆరిందని ఎలా తెలుస్తుంది?

పోయిన పాఠంలో "గుల్లబారిన పూత (ప్లాస్టరింగు) కొట్టేసి, గోడ ఆరాక కొత్త పూత వేయించండి" అని ఒక్క ముక్కలో రాసేశాను. దానివల్ల చాలామంది ఇబ్బంది పడ్డారు. చెన్నై పెరంబూరులో ఇల్లు కొన్న ఒకావిడ పది రోజులు ఆగి పూత, పుట్టీ, రంగు అన్నీ చేయించారు. నెల తిరక్కుండానే మోకాలి ఎత్తున తెల్లటి ఉప్పు పొంగింది. టీనగర్‌లో ఇంకొకరి పడకగదిలో రంగు పొక్కులు లేచి, చెయ్యి తగిలితే ఊడి వస్తోంది. "ఆరాక" అంటే ఎంతకాలమో నేను చెప్పలేదు, తప్పు నాదే. అందుకే ఈసారి చెబుతానన్న కరెంటు వైరింగును వచ్చే పాఠానికి జరిపాను.

వేలికి పొడిగా తగిలితే ఆరినట్టు కాదు. ఆరింది పైపొర మాత్రమే. అంగుళం మందానికి ఒక నెల అని లెక్క వేసుకోండి. 9 అంగుళాల గోడకు రెండువైపులా పూత తీసేస్తే, రెండు పక్కల నుంచీ ఆరుతుంది కాబట్టి, నాలుగున్నర నెలలు. అదీ నీళ్లు రావడం ఆగాక. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే కాబట్టి, నేనైతే సంక్రాంతి వెళ్లాక గీకించి, మే నెలాఖరు దాకా పూత మాట ఎత్తను. అద్దె ఇల్లు ఖాళీ చేయాలన్న టెన్షన్ ఉంటే ముందు మిగతా గదులు పూర్తి చేసుకోండి.

పరీక్షకు వంటింటి అల్యూమినియం ఫాయిల్ చాలు. అడుగు చదరం ముక్కను గోడకు పెట్టి నాలుగు అంచులా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. గరుకు ఇటుక మీద టేపు అంటకపోతే పక్కన మిగిలిన గట్టి పూత మీద పెట్టండి. ఫాయిల్ వెనక తడి ఉంటే అది గోడలోది. ముందువైపు ఉంటే గదిలో గాలిది, కిటికీలు తెరిస్తే పోతుంది.

గోడలోకి నీళ్లు వచ్చే దారుల్లో పైకప్పు, పైపుల లీకులు మీకు తెలిసినవే. సంపును మాత్రం మరిచిపోకండి. రాత్రి లోపలికి నీళ్లు రాకుండా కట్టేసి, మోటారు వేయకుండా, నీటిమట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. తెల్లారేసరికి మట్టం దిగితే ఆ నీళ్లు మీ పునాదిలోకే పోతున్నాయేమో చూడాలి.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే పని. చెమ్మ కనబడగానే లోపలివైపు సిమెంటు పూసి, దాని మీద వాటర్‌ప్రూఫ్ పెయింటు వేసేయడం. మైలాపూరు, ట్రిప్లికేన్ పాత ఇళ్ల గోడలు గానుగ సున్నంతో కట్టినవి. వాటిలో చాలావాటికి నేల చెమ్మను ఆపే పొర లేదు. కింది నుంచి ఎక్కిన తడి సున్నపు పూతలోంచి బయటికి ఆరిపోయేది. మట్టికుండకు ఎనామిల్ రంగు పూస్తే నీళ్లు చల్లబడవు, చెమ్మ బయటికి రాలేదు కదా. గోడకూ అంతే. దారి మూస్తే తడి ఇంకా పైకి ఎక్కుతుంది, అందులోని ఉప్పు పూత వెనక గడ్డకట్టి పూతనే తోసేస్తుంది. మా ఇంట్లో ఒక కాంట్రాక్టరు ఇలాగే చేశాడు. మోకాలి దగ్గరున్న మరక రెండో వానాకాలానికి ఛాతీ ఎత్తుకు ఎక్కింది. ఆ పూతంతా మళ్లీ కొట్టించాం. మేకుతో గీస్తే సులువుగా పొడి రాలే పూత చాలావరకు సున్నానిది. అక్కడ మళ్లీ సున్నపు పూతే వేయించండి, పని తెలిసిన మేస్త్రి దొరికేదాకా ఆగండి.

అసలు కారణం చాలాసార్లు వీధిలోనే ఉంటుంది. పాత రోడ్డు తీయకుండా దాని మీదే మళ్లీ మళ్లీ వేస్తూ పోవడంతో వీధి లేచి, ఇల్లు పల్లంలో పడుతుంది. గోడను ఆనుకున్న మట్టినీ సిమెంటు అరుగునూ తీసి, చుట్టూ కాలువ వదిలితే సగం చెమ్మ అక్కడే తగ్గడం నేను చూశాను.

అభ్యాసం: ఒకే గోడ మీద అరడుగు, మూడడుగులు, అయిదడుగుల ఎత్తుల్లో ఫాయిల్ పెట్టి, రెండేసి రోజులకు మారుస్తూ 14 రోజులు రాసుకోండి. వాన పడిన రోజు పక్కన గుర్తు పెట్టండి. ఆ కాగితం దాచుకోండి, స్విచ్‌బోర్డులు ఏ గోడకు పెట్టకూడదో వచ్చే పాఠంలో దాన్ని చూసే తేల్చుకుంటాం.