చవక ఫ్లాష్ కొనేముందు దాని తల తిప్పి చూడండి

కెమెరాలోని చిన్న ఫ్లాష్‌తో ఇంట్లో ఫొటో తీస్తే నుదురు మెరుస్తుంది, వెనక గోడ మీద నల్లటి నీడ పడుతుంది. కెమెరా మీద బిగించే బయటి ఫ్లాష్ కొందామంటే టీటీఎల్ (కెమెరాయే ఫ్లాష్ వెలుగును లెక్కగట్టడం), హైస్పీడ్ సింక్ (బాగా వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ వాడగలగడం) అంటూ ధర పెరుగుతూ పోతుంది. ఇంట్లో పోర్ట్రెయిట్లు నేర్చుకోవడానికి అవి మొదట్లో అక్కర్లేదు.

ఫ్లాష్ తల, అంటే వెలుగు వచ్చే భాగం, పైకి లేవడమే కాదు, పక్కలకూ తిరగాలి. పవర్‌ను చేత్తో 1/1 (పూర్తి పవర్) నుంచి కనీసం 1/64 దాకా తగ్గించుకునే వీలుండాలి. నాకు ఈ రెండూ ఉంటే చాలు. అయితే కెనాన్ 1500డి, 3000డి, 200డి మార్క్ 2 వాడేవాళ్లు ఆగండి. వాటి హాట్ షూలో (కెమెరా పైన ఫ్లాష్ బిగించే చోట) ఫ్లాష్‌ను వెలిగించే మధ్య పిన్ను ఉండదు, మామూలు మాన్యువల్ ఫ్లాష్ పెడితే వెలగదు. మీ మోడల్‌కు పనిచేస్తుందని అడిగి, కెమెరా మీద పెట్టి చూశాకే డబ్బివ్వండి.

ఇంటికొచ్చాక తలను తెల్లటి సీలింగ్ వైపు, కాస్త మీ వెనక్కి వంచండి. కెమెరాను మాన్యువల్ మోడ్‌లో ఉంచి ఐఎస్ఓ 400, ఎఫ్/4, షట్టర్ 1/125, ఫ్లాష్ 1/4 పెట్టండి. ముఖం చీకటిగా వస్తే ఫ్లాష్ 1/2, మరీ తెల్లగా వస్తే 1/8. మిగతావి కదపొద్దు. వెలుగు సీలింగ్‌కు తగిలి పరచుకుని పడుతుంది కాబట్టి నీడ మెత్తబడి ముఖం ఎంత హాయిగా వస్తుందో!

సీలింగ్ బాగా ఎత్తుగా ఉండే ఫంక్షన్ హాళ్లలో, ఆరుబయట ఈ పద్ధతి పనిచేయదు. సీలింగ్‌కు ఆకుపచ్చ రంగుంటే ముఖమూ ఆకుపచ్చగానే వస్తుంది.