పాత పికప్ కింద మరక: ఏది కారుతోంది, ఎక్కడి నుంచి, ఎలా ఆపాలి

పాత పికప్ అన్నాక ఎక్కడో ఒకచోట చెమ్మ ఉంటుంది. సీల్ చుట్టూ కాస్త నూనె తడి, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటే కంగారు పడక్కర్లేదు. నేల మీద బొట్లు పడుతున్నా, ఆయిల్ లెవెల్ తరచూ తగ్గుతున్నా మాత్రం కిందికి దూరి చూడాల్సిందే. బ్రేక్ ఆయిల్ విషయంలో ఒక్క చుక్క కనబడినా అదే పని.

మరక పడిన చోటికి సరిగ్గా పైనున్న భాగాన్ని విప్పేయడంతోనే చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు. బండి నడుస్తున్నప్పుడు గాలి నూనెను వెనక్కి తోస్తుంది, ఆగాక అది కిందికి జారుతుంది. అందుకే కారే చోటు మరక కంటే పైన ఉంటుంది, చాలాసార్లు ముందుకూ ఉంటుంది.

ముందు అది ఏ ద్రవమో తేల్చుకోండి

రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరిచి, దాని మీద ముందు చక్రాలు ఎటున్నాయో బాణం గుర్తు వేయండి. తెల్లారాక రంగు చూడండి, రెండు వేళ్ల మధ్య రాసి చూడండి, వాసన చూడండి. నాలుక మీద మాత్రం పెట్టకండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కానీ విషం. నేల మీద పడినదాన్ని కుక్కలూ పిల్లులూ నాకకుండా వెంటనే కడిగేయాలి.

తేనె రంగు నుంచి నలుపు దాకా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, లేదా పవర్ స్టీరింగ్‌ది. చాలా పాత బండ్లలో స్టీరింగ్‌లోనూ అదే పోస్తారు. పాతబడితే రెండూ గోధుమ రంగుకు తిరుగుతాయి. చిక్కగా ఉండి గంధకం కంపు కొడితే క్రౌన్ ఆయిల్ (వెనక ఇరుసు మధ్య గేర్లలో ఉండేది) లేదా మాన్యువల్ గేర్ ఆయిల్. ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో, నారింజ రంగులోనో జిగటగా ఉంటే కూలెంట్. పలచగా, లేత పసుపు రంగులో ఉండి, నీళ్లు పోస్తే కలిసి కొట్టుకుపోతే బ్రేక్ లేదా క్లచ్ ఆయిల్. రంగూ వాసనా లేని నీళ్లయితే ఏసీ నీళ్లు, వాటిని వదిలేయండి.

కడగకుండా వెతకొద్దు

ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి మీద కొత్త లీకును గుర్తుపట్టడం ఎవరి వల్లా కాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్, గాలి పీల్చే గొట్టం మూతి ప్లాస్టిక్ కవర్లతో కట్టేసి, డీగ్రీజర్ కొట్టి కడిగి ఆరబెట్టండి. ఆ తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కేదాకా తిప్పి వచ్చి, టార్చి పట్టుకుని చూడండి. కనిపించే తడిలో అన్నిటికంటే పైనున్నది, అన్నిటికంటే ముందున్నది ఏదో పట్టుకోవాలి. అలా దొరక్కపోతే అనుమానం ఉన్న చోట టాల్కం పౌడరు చల్లి మళ్లీ ఒక రౌండు తిప్పండి. తెల్లటి పొడి మీద నూనె దారి గీతలా కనబడుతుంది. మరీ మొండి లీకుకు ఆయిల్‌లో కలిపే రంగు, దాన్ని వెలిగించి చూపే అతినీలలోహిత టార్చి ఉన్నాయి.

బండి కింద పడుకునే ముందు చక్రాలకు అడ్డం పెట్టండి, స్టాండ్లు వేయండి. జాకీ ఉన్నది బండిని పైకెత్తడానికే, దాన్ని నమ్మి కిందికి దూరకూడదు.

లక్షణం: ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట నూనె

ఈ చుక్క కనబడగానే "రియర్ మెయిన్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి" అనేస్తారు. అది ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఉండే సీల్. కావచ్చు కూడా. కానీ ఇంజిన్ వెనక భాగంలో పైన ఎక్కడ కారినా ఆ నూనె చివరికి చేరేది అక్కడికే. గేర్‌బాక్స్ దించే ముందు పై నుంచి కిందికి వరసగా చూడండి: టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) వెనక మూల, వీ ఆకారపు ఇంజినయితే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక అంచు, డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే రబ్బరు రింగు, ఆయిల్ ప్రెషర్ స్విచ్. స్విచ్ ప్లగ్గు ఊడదీసి చూడండి. లోపల నూనె నిండి ఉంటే ఆ స్విచ్ మారిస్తే సరిపోతుంది.

పైన అంతా పొడిగా ఉంటే ఇంజిన్, గేర్‌బాక్స్ మధ్య ఉండే బెల్ హౌసింగ్ అడుగు రేకు విప్పండి. ఫ్లైవీల్‌కు ఇంజిన్ వైపు ముఖం తడిసి, హౌసింగ్ లోపల నూనె చుట్టూ విసిరినట్టుంటే సీల్ పోయినట్టే. లోపల పొడిగా ఉండి బయట మాత్రమే తడి ఉంటే నూనె పై నుంచి దిగుతోంది. లోపల ఎర్రగా ఉంటే తప్పు ఇంజిన్‌ది కాదు, గేర్‌బాక్స్ ముందు సీల్‌ది. గేర్ ఆయిల్ కంపు కొడితే మాన్యువల్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్‌ది.

టాపెట్ కవర్ దగ్గరే కారుతుంటే స్పానర్ పట్టుకుని ఇంకాస్త బిగించాలనిపిస్తుంది. ఆ పని చేయొద్దు. రేకు కవర్లు బోల్టు చుట్టూ లోపలికి నొక్కుకుపోతాయి, రెండు బోల్టుల మధ్య ప్యాకింగ్ వదులై ఇంకా ఎక్కువ కారుతుంది. కవర్ తీసి, బోల్టు రంధ్రాల చుట్టూ లొత్తల్ని చదునైన ఇనుము మీద పెట్టి మెల్లగా కొట్టి సరిచేయండి. పాత ప్యాకింగ్ ముక్కలు గీకేటప్పుడు అవి ఇంజిన్‌లో పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోండి. కొత్తది వేశాక బోల్టులు మధ్య నుంచి బయటికి, కొద్దికొద్దిగా బిగించాలి. చాలా ఇంజిన్లలో వీటికి 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే చాలు, మీ బండి మాన్యువల్‌లోని అంకెనే పాటించండి.

నిజంగానే రియర్ మెయిన్ సీల్ అయితే గేర్‌బాక్స్ దించినప్పుడే క్లచ్ ప్లేటు, పైలట్ బేరింగు కూడా చూసుకోండి. వాటి కోసం మళ్లీ దించడం దండగ. షాఫ్ట్ మీద పాత సీల్ పెదవి గాడి చేసి ఉంటే కొత్త సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టాలి, లేదా షాఫ్ట్‌కు పలచని స్టీలు స్లీవ్ తొడగాలి. ముందు పుల్లీ వెనక ఉండే క్రాంక్ సీల్‌కూ ఇదే సూత్రం. గాడి పడ్డ పుల్లీ మీద కొత్త సీల్ వేస్తే అది ఎక్కువ కాలం ఆగదు.

లక్షణం: మొన్న ఒక సీల్ మార్చారు, ఇప్పుడు ఇంకోటి కారుతోంది

ఇలా జరుగుతుంటే ఒక్కో సీల్ వెంట పడడం ఆపి బ్రీదర్, అంటే లోపలి గ్యాస్ బయటికి పోయే దారి చూడండి. పిస్టన్ రింగులు దాటి కొంత గ్యాస్ ఎప్పుడూ చాంబర్‌లోకి (ఇంజిన్ అడుగున నూనె నిలిచే చోటికి) దిగుతూనే ఉంటుంది. దాన్ని బయటికి తీసే పీసీవీ వాల్వు, దాని గొట్టం మడ్డితో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, బలహీనంగా ఉన్న సీల్ గుండా నూనె బయటికి తోసుకొస్తుంది. పెట్రోలు ఇంజిన్లలో వాల్వు ఊడదీసి ఊపితే టకటక మోగాలి. మోగకపోతే మార్చేయండి, చాలా చవకైన భాగం. గొట్టం శుభ్రంగా ఉన్నా, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ గట్టిగా ఎగదన్నుతుంటే అరిగింది రింగులు. అప్పుడు సీళ్ల మీద పెట్టే ఖర్చు నిలవదు.

చాంబర్ అడుగున ఒకటే బొట్టు వేలాడుతుంటే ముందు డ్రెయిన్ బోల్టు వాషర్ మార్చండి. ఆయిల్ మార్చిన వెంటనే ధారగా కారిందంటే పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుపోయి, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించి ఉంటారు. ఇంజిన్ వెంటనే ఆపేసి ఫిల్టర్ విప్పండి.

లక్షణం: కూలెంట్ తగ్గుతోంది

వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయొద్దు. చల్లారాక, చేత్తో కొట్టే ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఇచ్చి పావుగంట ముల్లు చూడండి. ముల్లు దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే, ముందు బయట తడి వెతకండి. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే మడత, హోస్ పైపు చివర్లు, వాటర్ పంపు కింద చిన్న రంధ్రం చూడండి. ఆ రంధ్రం ఉన్నదే పంపు సీల్ పోయిన సంగతి మీకు తెలియడానికి. అక్కడి నుంచి బొట్లు పడితే పంపు మార్చాలి, రంధ్రం పూడ్చకూడదు. ఇంజిన్ బ్లాకు పక్కన తుప్పు చార కనబడితే ఆ పైనున్న కోర్ ప్లగ్గు (బ్లాకు రంధ్రాన్ని మూసే రేకు బిళ్ల) పోతోంది.

బయట ఎక్కడా తడి లేదు, కానీ లోపల ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉంది, అద్దానికి లోపలి నుంచి జిడ్డు ఆవిరి పడుతోంది అంటే హీటర్ కోర్ (క్యాబిన్‌ను వేడిచేసే చిన్న రేడియేటర్) పోయింది. అదీ కాకపోతే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ప్యాకింగ్‌ను) అనుమానించాలి. రేడియేటర్ మూతి దగ్గర పెట్టే నీలం ద్రవపు పరీక్ష ఉంది, దహన వాయువు తగిలితే అది పసుపు రంగుకు మారుతుంది. ఆయిల్ మూత కింద కాస్త తెల్ల నురగ ఉన్నంత మాత్రాన హెడ్ విప్పకండి. చలికాలంలో చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో అది మామూలే.

లక్షణం: ఎర్ర చుక్కలు

ఆటోమేటిక్ బండి కొన్ని రోజులు ఆగి ఉంటేనే కారుతుందా? టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ మెల్లగా పాన్‌లోకి దిగుతుంది, లెవెల్ పెరిగి పాన్ ప్యాకింగ్‌నో, గేరు మార్చే షాఫ్ట్ సీల్‌నో దాటుతుంది. రోజూ నడిపే బండిలో ఇదే లీకు కనబడకపోవచ్చు. నడిపినప్పుడే కారితే రేడియేటర్‌కు వెళ్లే కూలర్ పైపులు చూడండి. రబ్బరు, లోహం కలిపి నొక్కిన చోటే మొదట చెమరుస్తాయి. ఆయిల్ స్ట్రాబెర్రీ పాల రంగులో ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లిపడి కూలెంట్ కలిసింది. బండి ఇంకొక్క కిలోమీటరు కూడా నడపొద్దు, గేర్‌బాక్స్ లోపలి క్లచ్ పలకలు పాడవుతాయి.

స్టీరింగ్ అయితే హై ప్రెషర్ హోస్ చివరలు, స్టీరింగ్ బాక్సు కింద పిట్‌మన్ ఆర్మ్ దగ్గరి సీల్ చూడండి.

లక్షణం: వెనక ఇరుసు దగ్గర కంపు కొట్టే నూనె

సీల్ కొనేముందు ఇరుసు మీద ఉండే బ్రీదర్ ఊడదీసి ఊదండి. మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన గాలి దారి లేక సీళ్ల మీద పడుతుంది. అది బాగుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, అది ఇరుసుకు కలిసే చోటి పినియన్‌ను పైకీ కిందికీ కదిపి చూడండి. ఆట ఉంటే బేరింగు పోయింది, ఒక్క సీల్‌తో పోదు. ఆట లేకపోతే సీల్ మార్చడానికి పినియన్ నట్టు, షాఫ్ట్, ఫ్లాంజి మీద గీతలు గీసి, బయట కనిపించే మరలు లెక్కపెట్టుకుని అప్పుడు నట్టు తిప్పండి. తిరిగి అదే స్థానానికి, మహా అయితే వెంట్రుకవాసి ఎక్కువ బిగించాలి. బేరింగు బిగువు ఆ నట్టు మీదే ఆధారపడి ఉంటుంది.

నూనె చక్రం లోపలి వైపు కారుతుంటే యాక్సిల్ సీల్ పోయింది. డ్రమ్ము తీసి చూడండి. నూనె పీల్చిన బ్రేక్ షూలను ఎంత కడిగినా పనికిరావు, రెండు వైపులా మార్చాలి.

లక్షణం: బ్రేక్ ఆయిల్ తగ్గుతోంది, పెడల్ దిగుతోంది

ఇది ఉన్న బండిని రోడ్డెక్కించకండి. డ్రమ్ములు తీసి వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచు మెల్లగా ఎత్తండి, వెనక నుంచి ఆయిల్ కారితే ఆ సిలిండర్ మార్చాలి. చక్రాల దగ్గర ఏమీ లేకపోతే ఛాసిస్ వెంట వెళ్లే స్టీలు పైపును, ముఖ్యంగా క్లిప్పుల కింద, మట్టి నిలిచే వంపుల్లో చూడండి. ఒకచోట తుప్పుకు చిల్లిపడితే మిగతాదీ దగ్గర్లోనే ఉంటుంది, మొత్తం పొడవు మార్చడమే మేలు. రాగి-నికెల్ పైపు తుప్పు పట్టదు, సులువుగా వంగుతుంది. చివరలకు డబుల్ ఫ్లేర్ చేయాలి, నొక్కి బిగించే కంప్రెషన్ జాయింట్లు బ్రేకులకు వాడకూడదు.

ఎక్కడా చుక్క లేకుండా ఆయిల్ మాయమవుతుంటే మాస్టర్ సిలిండర్ నట్లు రెండూ విప్పి కాస్త ముందుకు లాగి చూడండి. వెనక తడి ఉంటే ఆయిల్ బూస్టర్‌లోకి (దాని వెనకుండే, పెడల్ బలాన్ని పెంచే గుండ్రటి డబ్బాలోకి) పోతోంది. బూస్టర్ ముందు పెయింటు పొక్కులొచ్చి ఊడుతున్నా అదే గుర్తు. ఏది మార్చినా తర్వాత పైపుల్లో చేరిన ఎయిర్ తీయాలి.

పెట్రోలు వాసన వస్తే మిగతావన్నీ పక్కన పెట్టి స్టార్ట్ చేయకుండా బ్యాటరీ తీగ ఊడదీయండి, పెట్రోలు కారే పైపు మార్చాకే బండి ముట్టండి.

లీకు ఆపే సీసాల సంగతి

గట్టిపడిన సీల్‌ను మెత్తబరిచే మందులు ఇంజిన్‌లోనూ స్టీరింగ్‌లోనూ కొన్నాళ్లు పనిచేస్తాయి. తెగిన సీల్‌ను, గాడి పడిన షాఫ్ట్‌ను బాగుచేయవు. రేడియేటర్‌లో పోసేవి చిల్లితోపాటు హీటర్ కోర్ సన్న దారుల్నీ పూడుస్తాయి, దారి మధ్యలో ఇంటికి చేరడానికి తప్ప నేను పోయను. బ్రేక్ డబ్బాలో మాత్రం మూత మీద రాసిన డాట్ నంబరు ఆయిల్ తప్ప మరేదీ పడకూడదు. కొంచెం ఇంజిన్ ఆయిల్ కలిసినా రబ్బర్లన్నీ ఉబ్బి, మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాల దాకా రబ్బరు భాగాలన్నీ మార్చాల్సి వస్తుంది.