డబ్బాలో పెట్టగానే పాట పాడైంది: నా సీమోయ్ ఆంప్ అనుభవం

9 వోల్టుల బ్యాటరీతో నడిచే సీమోయ్ అనే హెడ్‌ఫోన్ ఆంప్ (హెడ్‌ఫోన్‌కు వెళ్లే సిగ్నల్‌ను పెంచే చిన్న ఆంప్లిఫయర్) ఇంట్లోనే కట్టాను. అందులో సిగ్నల్‌ను పెంచే చిప్ (ఐసీ) ఓపీఏ2134. బల్ల మీద ఉన్నంతసేపూ ఎంత శుభ్రంగా పాడిందో! రేకు డబ్బాలో బిగించగానే గొంతు బొంగురుపోయింది. ముందు టంకాల మీదే అనుమానం వచ్చింది. అన్నీ మళ్లీ కాల్చాను, మార్పు లేదు.

చివరికి మల్టీమీటర్ తీశాను. ఈ సర్క్యూట్‌లో రెండు 4.7 కిలోఓమ్ రెసిస్టర్లు బ్యాటరీని సగానికి పంచుతాయి. ఆ మధ్య బిందువే గ్రౌండ్, అంటే సిగ్నల్‌కు సున్నా. దాని నుంచి ప్లస్‌కు 4.5, మైనస్‌కు 4.5 వోల్టులు రావాలి. నాకు ఒకవైపు 9, రెండోవైపు సున్నా!

అప్పుడు వెలిగింది. హెడ్‌ఫోన్ జాక్ వల్ల డబ్బా రేకంతా గ్రౌండ్ అయింది. అడాప్టర్‌తోనూ నడపడానికి పెట్టిన సాకెట్ కూడా లోహానిదే, దాని ఒళ్లు బ్యాటరీ మైనస్. రెండూ రేకు ద్వారా కలిసిపోయాయి. పాట తరంగం గ్రౌండ్‌కు పైకీ కిందికీ ఊగాలి, ఇక దాని కింది సగానికి చోటెక్కడిది?

దాని బదులు ప్లాస్టిక్ సాకెట్ పెట్టాను, అంతే. తర్వాత అవుట్‌పుట్ దగ్గర డీసీ (ఊగకుండా ఒకేవైపు నిలిచే వోల్టేజ్) కొలిచాను, కొద్ది మిల్లీవోల్టులే. ఈ కొలత చూడకుండా మంచి హెడ్‌ఫోన్ మాత్రం పెట్టకండి, డీసీ వెళ్తే లోపలి కాయిల్ కాలిపోవచ్చు.