తాబేలు పిల్ల ముక్కులోంచి బుడగలు వస్తుంటే

ధనుర్మాసం రాత్రుల్లో హీటర్ లేని టబ్బులో నీళ్లు 20 డిగ్రీల దగ్గరికి దిగిపోతాయి. ఎండాకాలంలో బెజవాడ, గుంటూరు ఇళ్లలో ఏసీ గదిలో పెట్టినా అంతే. తాబేలుకు ఒంట్లో సొంత వేడి పుట్టదు. నీళ్లు చల్లబడితే ఒళ్లు చల్లబడుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి కూడా పడిపోతుంది. పైగా అది మనలా దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. చేరిన చీమిడి ఊపిరితిత్తుల్లోనే నిలిచిపోతుంది. ఇక్కడ చెప్పేదంతా షాపుల్లో దొరికే ఎర్రచెవి స్లైడర్ పిల్లల గురించి. మన చెరువు తాబేలు, నక్షత్ర తాబేలు ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అలాంటిది చేతికి వస్తే అటవీశాఖకు అప్పగించండి.

ముందు అది ఊపిరితిత్తుల జబ్బు (న్యుమోనియా) అవునో కాదో చూసుకోండి. నీళ్లలోంచి అప్పుడే పైకొచ్చి ముక్కుతో ఒక బుడగ వదిలితే కంగారు అక్కర్లేదు. పొడిగా ఉన్న రాయి మీద కూర్చున్నప్పుడు కూడా బుడగలు వస్తుంటే, మెడ చాచి నోరు తెరిచి గాలి పీలుస్తుంటే, అది జబ్బే. పొడి గుడ్డ మీద ఉంచి చెవి దగ్గరకు తీసుకోండి: టిక్కుమనే చప్పుడో, సన్నని ఈల లాంటి శబ్దమో వినిపిస్తుంది. ఈదేటప్పుడు ఒక పక్కకు ఒరిగిపోతున్నా, మునగలేకపోతున్నా ఒకవైపు ఊపిరితిత్తి పట్టేసిందని అనుమానించాలి. అప్పుడిక ఒక్క రోజు కూడా ఆగొద్దు.

వెచ్చదనం ఆ రోజే మొదలవ్వాలి. పిల్లకు ఉండాల్సిన నీళ్లు పెంకు మునిగీ మునగనంతే. ఈదకుండానే మెడ చాస్తే గాలి అందాలి. అంత తక్కువ నీళ్లలో హీటర్ పెడితే గాజు బయటపడి పగులుతుంది. కాబట్టి 25 లీటర్ల పెద్ద టబ్బులో నీళ్లు పోసి, 50 వాట్ల హీటర్‌ను పూర్తిగా ముంచి, అందులోనే ఇటుక మీద పిల్ల ఉన్న చిన్న టబ్బు కూర్చోబెట్టండి. బయటి నీళ్ల వేడితో లోపలి నీళ్లు కాగుతాయి. లోపల 28 డిగ్రీలు ఉండాలి, 30 దాటకూడదు. ఒక్కసారిగా కాకుండా కొన్ని గంటలకు ఒక డిగ్రీ చొప్పున పెంచండి. హీటర్ మీది అంకెను నమ్మకండి, థర్మామీటర్ వేరే పెట్టండి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్ తీయడం మరవద్దు. కరెంటు పోతే సీసాలో వేడినీళ్లు పోసి బయటి టబ్బులో ఉంచండి.

చాలామంది మరిచేది గాలి సంగతి. నీళ్లు 28 ఉండి పైన గాలి 20 ఉంటే, పీల్చే ప్రతి శ్వాసా చల్లగా లోపలికి పోతుంది. టబ్బు మీద సగానికి పైగా గుడ్డ కప్పండి, బల్బుకు మాత్రం తగలనివ్వకండి. ఎండ కాగే రాయి మీద 32 నుంచి 33 డిగ్రీలు వచ్చేలా మామూలు ఫిలమెంట్ బల్బు పెట్టాలి. ఎల్‌ఈడీ వెలుగిస్తుందిగానీ ఆ వేడి ఇవ్వదు. యూవీబీ లైటు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చేది) విడిగా కావాలి, మధ్యలో గాజు అడ్డం ఉండకూడదు. జబ్బు తాబేలును రోజంతా పొడిగా ఉంచమనే సలహా పెద్దవాటికి నప్పుతుందేమోగానీ, బొటనవేలంత పిల్ల త్వరగా ఎండిపోతుంది.

వేడి ఒక్కటే నయం చేయదు, యాంటీబయాటిక్ కావాలి. మందు డాక్టరే నిర్ణయించాలి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది; ఎక్కడికి వెళ్లినా తాబేళ్లను చూస్తారో లేదో ముందు ఫోన్‌లో అడగండి. తీసుకెళ్లేటప్పుడు డబ్బాలో నీళ్లు వద్దు, తడి గుడ్డ చాలు. సాధారణంగా ముందు కాళ్ల వైపు ఇంజెక్షన్ ఇస్తారు, కొన్ని మందులు మూడు రోజులకొకసారి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి 0.1 గ్రాము చూపే చిన్న కాటా కొనండి. 12 గ్రాముల పిల్ల ఒక గ్రాము తగ్గిందంటే ఒంట్లో పన్నెండో వంతు పోయినట్టే. రెండు ఇంజెక్షన్లకే బుడగలు ఆగినా కోర్సు ఆపకండి, తిరగబెడుతుంది.

నీళ్లలో కలిపే చేపల మందు ఊపిరితిత్తులకు చేరదు. విక్స్ ఆవిరి, కర్పూరం, సాంబ్రాణి పొగ, దోమల కాయిల్ ఆ గదిలోకే రానివ్వద్దు. డ్రాపర్‌తో నోట్లో తిండి పోస్తే అది గాలిగొట్టంలోకి జారి ఇంకో న్యుమోనియా తెస్తుంది. వేడి అందాక దానంతటదే తింటుంది.

ఎండు రొయ్యలొక్కటే పెట్టిన పిల్లలకు విటమిన్ ఏ తక్కువై కళ్లు ఉబ్బుతాయి, ముక్కు లోపలి పొర చెడుతుంది, జబ్బు సులువుగా పడుతుంది. మంచి పెల్లెట్లు (తాబేళ్ల మేత గుళికలు), వానపాము ముక్క, వారానికోసారి గోరంత కోడి కార్జం పెట్టండి. విటమిన్ ఏ ఇంజెక్షన్ సొంతంగా వద్దు, ఎక్కువైతే చర్మం ఊడిపోతుంది.

చిన్న టబ్బులో నీళ్లు రోజూ మార్చండి. కుళాయి నీళ్లయితే బకెట్‌లో ఒక రోజు నిలవబెట్టి లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, అదే వేడికి తెచ్చి పోయండి. టబ్బును వంటింటి సింకులో కడగొద్దు, తాబేలును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. తాబేళ్ల నుంచి మనుషులకు సోకే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయంతోనే అమెరికా 1975లో 4 అంగుళాలలోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది.

కోర్సు అయ్యాక రెండు వారాలు బుడగలు లేకుండా, సమంగా ఈదుతూ, బరువు పెరుగుతుంటే లోతు రోజుకు రెండు సెంటీమీటర్ల చొప్పున పెంచండి. మళ్లీ ఒరిగితే ఆ సాయంత్రమే నీళ్లు పాత మట్టానికి దించి, డాక్టరుకు ఫోన్ చేయండి.